సిల్వరా, స్టీలా: జెట్ పడవ ఇంపెల్లర్ ఎంపికలో లోహం కంటే ముందు చూడవలసినవి

రాణిగంజ్‌లో పంపుల దుకాణాల వెనుక ఉన్న ఒక చిన్న లేత్ వర్క్‌షాపులో, బోరు మోటారు స్టేజీలు (నీటిని పైకి తోసే చిన్న చక్రాలు) కుప్పగా పోసి ఉన్న బల్ల మీద, ఈ మధ్య నా మిత్రుడొకరు గోనెసంచి విప్పి ఒక జెట్ పంపును పెట్టారు. ఆయనకు గోదావరి మీద ఒక చిన్న పడవ ఉంది. వేసవిలో నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడ్డాక ప్రొపెల్లర్ పడవలు వెళ్ళలేని చోట్లకు కూడా అది వెళుతుంది. అయితే రెండు వేసవులుగా ఇంజను హోరు పెరుగుతోంది, పడవ వేగం మాత్రం తగ్గుతోంది. మోటారుతోపాటు వచ్చిన అల్యూమినియం ఇంపెల్లర్‌ను, అంటే పంపులో నీటిని తోసే రెక్కల చక్రాన్ని, తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలుది వేయించుకుంటే సరిపోతుందా అన్నది ఆయన సందేహం. వర్క్‌షాపు ఉస్తాద్ సమాధానం చెప్పకుండా, సందులు కొలిచే పల్చటి బ్లేళ్ళ ఫీలర్ గేజ్ కోసం సొరుగు వెతకడం మొదలుపెట్టారు. “ముందు సందు చూద్దాం సార్, లోహం సంగతి తర్వాత” అన్నారు.

మన ఇళ్ళల్లో సిల్వరు గిన్నె అంటే వెండిది కాదు, అల్యూమినియందే. స్టీలు గిన్నె అంటే స్టెయిన్‌లెస్‌దే. సిల్వరు గిన్నె తేలిక, చవక, కింద పడితే సొట్టపోతుంది. స్టీలుది బరువు, ఖరీదు, తరాల తరబడి నిలుస్తుంది. వంటింట్లో ఏర్పడిన ఈ అభిప్రాయాన్నే మనం ఇంపెల్లర్‌కు కూడా వర్తింపజేస్తాం. అది పూర్తిగా తప్పు కాదు. కానీ గిన్నె నిశ్చలంగా ఉంటుంది, ఇంపెల్లర్ నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది, పైగా దాని చుట్టూ ఒక మిల్లీమీటరు కంటే తక్కువ ఎడంలో మరో లోహపు గోడ ఉంటుంది. ఆ ఎడమూ, రెక్కల ముందంచు పదునూ ఎంత బాగుంటే పడవ అంత బాగా పరుగెడుతుంది. కొత్తగా, సరిగ్గా బిగించి ఉన్నప్పుడు రెండు లోహాల మధ్య వేగంలో కనిపించే తేడా స్వల్పమే. ఆ ఎడాన్ని, ఆ పదునును ఎన్నాళ్ళు నిలబెట్టగలవన్న దగ్గరే అవి వేరుపడతాయి.

జెట్ పడవలో ప్రొపెల్లర్ బయట ఉండదు. పడవ అడుగున ఉన్న జాలీ గుండా నీరు లోపలికి వస్తుంది, ఇంపెల్లర్ దానిని వెనక్కి తోస్తుంది, ఆ తర్వాత కదలకుండా ఉండే రెక్కలు నీటి సుడిని సరిచేస్తాయి, చివరన సన్నబడిన నాజిల్ గుండా నీరు ధారగా బయటికి చిమ్ముతుంది. ఆ ధారకు ప్రతిచర్యగా పడవ ముందుకు పోతుంది. న్యూజీలాండ్‌లో విలియం హామిల్టన్ 1954లో ఈ పద్ధతిని ఆచరణలోకి తెచ్చింది కూడా ఇసుక, గులకరాళ్ళు నిండిన లోతులేని నదుల కోసమే. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం గంగాసాగర్ దగ్గర బయలుదేరి గంగకు ఎదురుగా జెట్ పడవల్లో ప్రయాణించి, హిమాలయాల్లో నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డుపడేదాకా వెళ్ళగలిగిందంటే ఆ గుణం వల్లనే. దీనికి చెల్లించే మూల్యం సామర్థ్యం. పడవ వెనుక బయట తగిలించే అవుట్‌బోర్డ్ మోటారుకు ప్రొపెల్లర్ బదులు జెట్ తగిలిస్తే సుమారు 30 శాతం శక్తి పోతుంది. అందుకే 90 హార్స్‌పవర్ ఇంజను మీద కట్టిన జెట్ మోటారును 65గా, 115 మీద కట్టినదానిని 80గా అమ్ముతారు. మొదటే ఇంత పోయే యంత్రంలో మిగిలినదానిని సందుల గుండా కారిపోనివ్వడం ఎవరికీ మంచిది కాదు.

ఆ కారడం ఎలా జరుగుతుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. వాటర్ స్కూటర్లలో వాడే 155 మిల్లీమీటర్ల ఇంపెల్లర్‌ను తీసుకుందాం. రెక్కల కొసలకూ చుట్టూ ఉన్న రింగుకూ మధ్య 0.3 మిల్లీమీటర్ల ఎడం ఉంటే, ఆ చుట్టు సందు మొత్తం వైశాల్యం దాదాపు 1.5 చదరపు సెంటీమీటర్లు. అదే ఎడం అరిగి ఒక మిల్లీమీటరు అయితే వైశాల్యం 4.9 చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది. రెక్క వెనుక వైపు పీడనం ఎక్కువ, ముందు వైపు తక్కువ కాబట్టి, తోసిన నీరే ఆ సందు గుండా వెనుదిరిగి వచ్చి మళ్ళీ రెక్క మీద పడుతుంది. ఇంజను ఒకే నీటిని రెండుసార్లు తోస్తూ ఉంటుంది. ఎదురు తగ్గుతుంది కాబట్టి ఆర్‌పీఎం పెరుగుతుంది, పడవ మాత్రం నెమ్మదిస్తుంది. క్లచ్ ప్లేట్లు అరిగిన ఆటో బంజారాహిల్స్ ఎత్తు ఎక్కుతున్నప్పుడు వచ్చే చప్పుడు గుర్తు తెచ్చుకుంటే నా మిత్రుడి ఫిర్యాదు ఏమిటో వెంటనే అర్థమవుతుంది. హోరు పెరిగి వేగం తగ్గిందంటే మొదట అనుమానించవలసింది ఇంజనును కాదు, ఈ సందును. ఆ తర్వాత రెక్కల ముందంచును.

ముందంచు సంగతి చాలామంది పట్టించుకోరు. రెక్క నీటిని కోస్తూ లోపలికి వెళ్ళాలి, గుద్దుతూ వెళ్ళకూడదు. ఇసుక, చిన్న రాళ్ళు తగిలి అంచు గుండ్రంగా మొద్దుబారితే, నీరు దాని మీద నుంచి దూకి వెళుతూ వెనుక ఖాళీ చోటు మిగులుస్తుంది. అక్కడ పీడనం బాగా పడిపోయి నీరు మామూలు ఉష్ణోగ్రత దగ్గరే ఆవిరి బుడగలుగా మారుతుంది. 30 డిగ్రీల దగ్గర నీటికి ఆవిరి కావడానికి వాతావరణ పీడనంలో సుమారు 24వ వంతుకు దిగితే చాలు. ఆ బుడగలు కాస్త ముందుకు వెళ్ళి, పీడనం తిరిగి పెరిగిన చోట చటుక్కున కూలిపోతాయి. కూలిన ప్రతిసారీ సూదిమొనంత చోట లోహానికి దెబ్బ తగులుతుంది. ఇలా వేలాది గంటలు అక్కరలేదు, కొన్ని పదుల గంటలకే ఆ అంచు వెనుక పుప్పి పన్నులాంటి గుంటలు కనిపించవచ్చు. దీనినే కావిటేషన్ అంటారు. హుస్సేన్ సాగర్ పూర్తి నీటిమట్టమే సముద్రమట్టానికి 513 మీటర్ల పైన ఉంది కాబట్టి మన దగ్గర వాతావరణ పీడనం విశాఖ తీరంలో కంటే అయిదారు శాతం తక్కువ. అది పెద్ద తేడా కాకపోయినా కావిటేషన్‌కు కాస్త ముందుగా తలుపు తెరుస్తుంది, ఇంజను బలాన్ని కూడా ఆ మేరకు తగ్గిస్తుంది.

ఇప్పుడు లోహాల దగ్గరకు వద్దాం. అల్యూమినియం ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, స్టెయిన్‌లెస్ దాదాపు 8 గ్రాములు. బరువులో మూడు రెట్ల తేడా. వంగకుండా నిలబడే బిగువు విషయంలో కూడా దాదాపు అదే నిష్పత్తి: అల్యూమినియంది 70 గిగాపాస్కల్స్, స్టెయిన్‌లెస్‌ది 190 పైన. ఈ రెండో అంకెనే ఇంపెల్లర్ తయారీదారు వాడుకుంటాడు. రెక్క బిగువుగా ఉంటే దానిని పల్చగా పోయవచ్చు. పల్చటి రెక్క నీటికి తక్కువ అడ్డు, దాని ముందంచును పదునుగా తీర్చవచ్చు, పూర్తి బలంతో తిరిగేటప్పుడు కొస వంగి వాలు మారిపోదు. అల్యూమినియం రెక్కను అదే బిగువు కోసం మందంగా పోయక తప్పదు. కాబట్టి స్టెయిన్‌లెస్ ఇంపెల్లర్ మూడు రెట్లు బరువు తూగుతుందని అనుకోనక్కరలేదు, అయినా బరువైనదే. ఆ బరువు వల్ల ఆక్సిలరేటర్ నొక్కగానే ఇంజను లేవడం కాస్త మందగిస్తుందనే మాటలో నిజముంది. కానీ ఇంపెల్లర్ చుట్టూ ఎప్పుడూ నీరు నిండి ఉంటుంది, ఆ నీటిని తిప్పడానికి పట్టే బలం ముందు లోహపు జడత్వం చిన్నది. అంతకంటే నన్ను ఆలోచింపజేసేది బేరింగ్. బరువైన చక్రం సరిగ్గా బ్యాలెన్స్ కాకపోతే తేలికదాని కంటే ఎక్కువగా అదురుతుంది, ఆ అదురు అంతా బేరింగ్ మీదనే పడుతుంది.

కాఠిన్యం దగ్గర కథ ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. పోత అల్యూమినియం వేడి చికిత్స చేశాక బ్రినెల్ కొలతలో 75, 80 దగ్గర ఉంటుంది. 304, 316 రకాల స్టెయిన్‌లెస్ 150 దగ్గర ఉంటుంది. 17-4 పీహెచ్ అనే గట్టిపరిచిన రకం 350 దాటుతుంది. అంకెలు చూసి స్టీలుకు ఓటేయబోయే ముందు గోదావరి ఇసుకను కూడా కొలవాలి. అది ఎక్కువగా క్వార్ట్జ్, వికర్స్ కొలతలో వెయ్యి దాటిన పదార్థం. అంటే రెండు లోహాలూ ఇసుక ముందు మెత్తనివే. స్టెయిన్‌లెస్ అరగదు అని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. అది నెమ్మదిగా అరుగుతుంది, అంతే. బోరు మోటారు ఉన్న ప్రతి హైదరాబాదీకీ ఈ విషయం తెలిసిందే. బోరులోంచి ఇసుక రావడం మొదలైతే స్టేజీలు ప్లాస్టిక్‌వైనా, స్టీలువైనా మోటారు పైకి తీయించవలసిన రోజు రాక మానదు.

బోరు పంపుతో పోలిక అక్కడితో ఆగిపోతుంది. బోరు మోటారు నిమిషానికి సుమారు 2,850 సార్లు తిరుగుతుంది, దాని స్టేజీలు చిన్నవి కాబట్టి కొసల వేగం సెకనుకు పదీ పన్నెండు మీటర్లు. వాటర్ స్కూటర్ ఇంపెల్లర్ నిమిషానికి 7,500 సార్లు తిరిగినప్పుడు దాని కొస సెకనుకు 60 మీటర్లు, అంటే గంటకు దాదాపు 220 కిలోమీటర్ల వేగంతో నీటిని కోస్తుంది. ఇసుక వల్ల జరిగే అరుగుదల వేగంతో సమానంగా పెరగదు. సుమారుగా వేగపు వర్గానికీ ఘనానికీ మధ్య ఉంటుంది. వేగం రెట్టింపయితే అరుగుదల నాలుగు నుంచి ఎనిమిది రెట్లు అవుతుంది. కాబట్టి లోతు తక్కువ ఉన్న చోట, ఇసుక మేట మీద నిలిచి ఉన్న పడవను పూర్తి యాక్సిలరేటర్‌తో లేపడం కంటే ఇంపెల్లర్‌కు పెద్ద శత్రువు లేదు. నాలుగడుగులు నీటిలోకి తోసుకెళ్ళి స్టార్ట్ చేయడం ఏ లోహం ఇచ్చే రక్షణ కంటే కూడా ఎక్కువ రక్షణ ఇస్తుంది.

రాళ్ళ విషయం వేరు. జాలీ గుండా గులకరాయి ఒకటి దూరి రెక్కకూ దాని చుట్టూ ఉండే లోపలి గోడ అయిన లైనర్‌కూ మధ్య ఇరుక్కున్నదనుకుందాం. అల్యూమినియం రెక్క అంచు చిట్లుతుంది, లేదా వంగుతుంది. నష్టం చాలావరకు అక్కడితో ఆగుతుంది. స్టెయిన్‌లెస్ రెక్క చిన్న గాటుతో బయటపడుతుంది, కానీ ఆ దెబ్బ ఎక్కడికీ మాయం కాదు. రాయి వెళ్ళి మెత్తటి లైనర్‌ను గాడి కోస్తుంది, లేదా షాఫ్ట్ మీదకు దెబ్బను పంపుతుంది. జెట్ మోటార్లలో ఇంపెల్లర్‌కూ షాఫ్ట్‌కూ మధ్య కావాలనే మెత్తటి లోహపు ముక్క (కీ) ఒకటి పెడతారు. అది తెగిపోయి మిగతా సామాను బతకడం కోసమే ఆ ఏర్పాటు. స్టీలు ఇంపెల్లర్ వేయించుకున్నాక, తరచూ తెగుతోందని ఆ కీ స్థానంలో గట్టి ఉక్కు ముక్క పెట్టించుకునేవాళ్ళు ఉన్నారు. మా ఇంట్లో ఫ్యూజు కొట్టేస్తోందని మందపాటి తీగ చుట్టిన రోజులు గుర్తొస్తాయి నాకు. ఏది విరగాలో మనం నిర్ణయించుకోకపోతే యంత్రమే నిర్ణయించుకుంటుంది, అది సాధారణంగా ఖరీదైన భాగాన్నే ఎంచుకుంటుంది.

మరమ్మతు సౌలభ్యంలో అల్యూమినియం మనకు దగ్గరి చుట్టం. మొద్దుబారిన అంచును ఆకురాయితో ఇంట్లోనే తీర్చవచ్చు. విరిగిన ముక్క చోట ఆర్గాన్ వెల్డింగ్‌తో లోహం నింపి రూపు దిద్దేవాళ్ళు బాలానగర్, జీడిమెట్ల వీధుల్లో దొరుకుతారు. అయితే వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల అల్యూమినియం తన గట్టిదనాన్ని కోల్పోతుంది, ఆ తర్వాత మళ్ళీ విరిగితే అక్కడే విరుగుతుంది. స్టెయిన్‌లెస్ అంచును ఆకురాయితో తీర్చడం ఓపిక పరీక్ష, గ్రైండర్ పెడితే అంచు నీలంగా కాలిపోతుంది. ఏ లోహానికి పని చేయించినా రెక్కలన్నీ సమానంగా తరిగాయో లేదో చూసుకోవాలి. ఇంపెల్లర్‌ను ఒక నున్నటి కడ్డీకి గుచ్చి, రెండు పదునైన పట్టాల మీద ఆనించి వదిలితే బరువైన రెక్క తనంతట తాను కిందికి వస్తుంది. ఆ పరీక్షకు ఖర్చేమీ లేదు, చేసేవాళ్ళు మాత్రం తక్కువ.

కావిటేషన్ గుంటలను తట్టుకోవడంలో పోలికే లేదు, స్టెయిన్‌లెస్‌దే పైచేయి. తుప్పు విషయంలో కూడా అదే మాట అనబోయి కాస్త ఆగాలి. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉంటే, వాటిలో తక్కువ స్థాయిది కరిగిపోతుంది. జెట్ పంపు ఒళ్ళంతా అల్యూమినియం కాబట్టి స్టీలు ఇంపెల్లర్ పెడితే కరిగేది ఒళ్ళే. అయితే చిన్న స్టీలు భాగానికి ఎదురుగా పెద్ద అల్యూమినియం భాగం ఉన్నప్పుడు ఆ నష్టం విస్తారంగా పంచుకుపోయి నెమ్మదిగా జరుగుతుంది. పైగా ఒంటికి బదులు తామే కరిగిపోయి బలిదానం చేసే ఆనోడ్ ముక్కలు పెట్టే వీలుంది. సముద్రంలో జింక్‌వి, మంచినీటిలో మెగ్నీషియంవి వాడతారు. రంగు చెదిరి లోహం బయటపడిన చిన్న చోటు మాత్రం ప్రమాదకరం. అక్కడ మొత్తం దాడి ఒకే చుక్క మీద కేంద్రీకరిస్తుంది. మంచినీటి జలాశయాల్లో ఈ బాధ చాలా తక్కువ. విశాఖలోనో కాకినాడలోనో పడవ తిప్పేవారు ప్రయాణం కాగానే పంపును మంచినీటితో కడగాలి, ఆనోడ్‌ను చూసుకోవాలి.

స్టెయిన్‌లెస్ అనేది ఒక లోహం పేరు కాదని కూడా చెప్పుకోవాలి. కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్న ఉక్కులన్నిటికీ ఆ పేరు చెల్లుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితోపాటు రెండు, మూడు శాతం మాలిబ్డినం కలిసి ఉప్పును తట్టుకుంటుంది. 17-4 పీహెచ్ బలంలో వీటిని మించిపోతుంది. పోత పోసిన 316 రకం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి సుమారు 200 మెగాపాస్కల్స్ దగ్గరే ఉంటుంది, వేడి చికిత్స చేసిన మంచి పోత అల్యూమినియంది కూడా అంతకు ఎంతో దూరంలో ఉండదు. అంటే ‘స్టీలు కాబట్టి వంగదు’ అన్న నమ్మకం అన్ని స్టీళ్ళకూ చెల్లదు. దుకాణాల్లో అయస్కాంతం పెట్టి అంటుకుంటే నకిలీ అని తీర్పు చెప్పే అలవాటు కూడా ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. పళ్ళెం కొనేటప్పుడు ఆ పరీక్ష కొంతవరకు పనికొస్తుంది, కానీ 17-4 పీహెచ్‌కు అయస్కాంతం గట్టిగానే అంటుకుంటుంది. పోత 316కు కూడా కాస్త అంటుకోవచ్చు. అమ్మేవాణ్ణి అడగవలసింది ‘స్టీలేనా’ అని కాదు, ఏ గ్రేడు, వేడి చికిత్స చేశారా లేదా అని.

జతను కూడా చూడాలి. ఒకే రకం స్టెయిన్‌లెస్ నట్టు, బోల్టు ఎలా కరుచుకుపోతాయో ఫ్యాబ్రికేషన్ పని చేసేవారికి తెలుసు. స్టీలు ఇంపెల్లర్ స్టీలు రింగుకు రాసుకుంటే అదే జరుగుతుంది. అందుకే చాలా వాటర్ స్కూటర్లలో స్టీలు ఇంపెల్లర్ చుట్టూ ప్లాస్టిక్ రింగు వేస్తారు. అరగవలసింది రింగే, మార్చవలసిందీ అదే. అవుట్‌బోర్డ్ జెట్‌లలో లైనర్ కోను ఆకారంలో ఉంటుంది. నట్టు వైపున్న పల్చటి వాషర్లను తీసి ఇంపెల్లర్‌కు పై వైపున వేస్తే, అది ఆ కోనులోకి ఇంకాస్త దిగి సందు తగ్గుతుంది. సుమారు 0.8 మిల్లీమీటర్లు ఉంచితే మంచిది. ఒక్కో వాషర్‌తో కొంత అరుగుదలను ఇలా దాటేయవచ్చు. నా దృష్టిలో ఈ వాషర్ల అమరిక ఆ యంత్రంలో అన్నిటికంటే తెలివైన భాగం.

ఎవరికి ఏది అంటే నా అభిప్రాయం ఇది. నాగార్జునసాగర్‌లాంటి లోతైన, ఇసుక లేవని నీటిలో తిరిగే పడవకు అల్యూమినియమే చాలు. స్టీలుకు పెట్టే డబ్బు ఆదా చేసుకోవచ్చు. సముద్రంలో, ఎక్కువ ఆర్‌పీఎంతో తిరిగే వాటర్ స్కూటర్లలో స్టెయిన్‌లెస్‌కు ప్రత్యామ్నాయం లేదు. హుస్సేన్ సాగర్‌లాంటి నగర జలాశయంలో అసలు సమస్య లోహమే కాదు. అక్కడ జాలీకి చుట్టుకునేవి ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క, నిమజ్జనం తర్వాత మిగిలే పూలదండల దారాలు, గుడ్డపేలికలు. విగ్రహాల లోపలి ఇనుప చువ్వ ముక్క ఒకటి లోపలికి వస్తే ఏ ఇంపెల్లర్ అయినా ఒకటే. అక్కడ జాలీని తెరిచి శుభ్రం చేయడానికి ఎంత సులభంగా ఉందన్నదే మొదటి ప్రశ్న. ఇక గోదావరి ఇసుక. రోజూ తిరిగే పడవకు స్టెయిన్‌లెస్ పెట్టుబడి తిరిగి వస్తుంది, లైనర్ కూడా కొత్తదై ఉంటే. సీజనుకు నలభై, యాభై గంటలు తిరిగే పడవకు రెండు అల్యూమినియం ఇంపెల్లర్లు, ఒక ఆకురాయి దగ్గర ఉంచుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. ఒకటి మొద్దుబారితే రెండోది వేసి, మొదటిదాన్ని తీరిగ్గా తీర్చుకోవచ్చు.

రాణిగంజ్ బల్ల మీద ఫీలర్ గేజ్ బ్లేళ్ళు ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పోయి, రెండు మిల్లీమీటర్లు దాటాక కూడా అవి సందులో వదులుగానే ఆడాయి. లైనర్ లోపల చూపుడువేలు పెట్టి చూడమన్నారు ఉస్తాద్. గోరు ఇరుక్కునేంత గాడి ఒకటి చుట్టూ తిరిగి ఉంది. ఇంపెల్లర్ ముందంచు మీద బొటనవేలు అదిమి రుద్దినా చర్మం తెగేలా లేదు. ఆ లైనర్‌లో కొత్త స్టీలు ఇంపెల్లర్ పెట్టినా నీరు ఆ గాడి గుండానే వెనక్కి వచ్చేది. నట్టు వైపున ఒక్క వాషర్ కూడా మిగల్లేదు, అన్నీ ఎప్పుడో పైకి మార్చేశారు. నా మిత్రుడు కొత్త లైనర్‌కు ఆర్డరిచ్చి, పాత ఇంపెల్లర్‌ను అంచులు తీర్చడానికి అక్కడే వదిలి, ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని బయటికి వచ్చారు.